గేమ్స్ పీరియడ్ పోతే మా ఆడపిల్లలకు ఆటే లేదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి, చదివేది మండలంలోని ఓ హైస్కూల్లో. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడుతోంది. పోల్ దగ్గర తిరగబోయి జారిపడి మోకాళ్లు గీరుకుపోతే పసుపు అద్దుకుని మర్నాడు మళ్లీ గ్రౌండులో ఉండేది. ఇప్పుడు గేమ్స్ పీరియడ్ టైంటేబుల్లో మాత్రమే ఉంది, బెల్ కొట్టగానే ఒకరోజు లెక్కల సారు, ఇంకోరోజు సైన్సు టీచరు వచ్చేస్తున్నారు. సాయంత్రం స్టడీ అవర్, అదయ్యేసరికి చీకటి. మొన్న సంచి సర్దుతుంటే పుస్తకాల అడుగున ఆట బూట్లు కనిపించాయి. ఇవెందుకే మోస్తున్నావ్ అంటే, "ఇయ్యాల ఆడిస్తరేమో అని అమ్మా" అంది.

టీచర్లది తప్పనను, రిజల్ట్ తగ్గితే అందరూ నిలదీసేది వాళ్లనే. పదో తరగతిలో ఆటలేంటని అడిగేదీ మా తల్లిదండ్రులమే. కానీ మగపిల్లలకు బడిలో ఆట ఆగినా ఆదివారం చెరువు పక్క ఖాళీ పొలంలో క్రికెట్ ఉంటుంది. ఆడపిల్ల కాస్త ఎదగ్గానే వీధిలో పరుగెత్తడం ఇంట్లోనే మాన్పించేస్తాం, ఇక ఆమెకు మిగిలేది బడి గ్రౌండు, వారంలో ఆ కాసిని పీరియడ్లు. అవీ తీసేసుకుంటే ఎక్కడ ఆడాలి?

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-17 ఉందంటే అందులో తొమ్మిది, పది చదివే పిల్లలూ ఉండాలిగా! ప్రాక్టీసు ఆపేసి, రెండు రోజుల ముందు ఒకరు తక్కువయ్యారు రమ్మంటే ఏం ఆడతారు? ఖోఖోలో వరుసగా కూర్చున్న ఎనిమిది మందిలో వెనక నుంచి "ఖో" వినపడగానే లేచే ఆ క్షణం, రోజూ కలిసి ఆడితేనే కుదురుతుంది.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయే. ఆమె పరుగును ముందు గుర్తించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే, పిల్లలు గ్రౌండుకే రాకపోతే ఆయన కంట ఎలా పడేది? అందరూ పతకాలు తేవాలని కాదు, నా కూతురు తేకపోయినా ఫర్వాలేదు. ఆడిన రోజు ఆకలేసి కడుపునిండా తింటుంది, రాత్రి పుస్తకం తీస్తే కుదురుగా కూర్చుంటుంది, ఆడని రోజుల్లో తలనొప్పి, టెన్షన్ అంటూ పది నిమిషాలకోసారి లేస్తుంది.

జిల్లా విద్యాధికారులను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. కనీసం సంక్రాంతి వరకైనా గేమ్స్ పీరియడ్‌లో వేరే పాఠం చెప్పొద్దని స్కూళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది ఒకటి చూపించండి. పోటీలకు తీసుకెళ్తే వెంట లేడీ టీచర్ ఒకరు ఉండాలి, ఆ ధైర్యం లేకే మా వాడలో ఇద్దరు తండ్రులు పిల్లల్ని పంపలేదు. సంక్రాంతి తర్వాత ఎన్ని స్పెషల్ క్లాసులు పెట్టినా మేం కాదనం.

— ఓ పదో తరగతి విద్యార్థిని తల్లి, వరంగల్ జిల్లా