బురుజు దగ్గరికి మెషీన్ తేనురా

రేయ్ శేషూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నా. డిసెంబర్‌లో వచ్చేటప్పుడు ఒక మెటల్ డిటెక్టర్ తెమ్మన్నావు, ఖర్చు మీ బామ్మర్ది పెట్టుకుంటాడని, మీ ఊరి బురుజు చుట్టూ ఒక రాత్రి తిప్పి చూద్దామని. ఫోన్లో చెబితే సగంలో నువ్వు అందుకుంటావు, నా మాట పూర్తి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. మెషీన్ మాత్రం తేను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. నేనిక్కడ అడవుల్లో దాన్ని పట్టుకుని ఏం చేస్తుంటానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పనే లేదు, వాట్సాప్‌లో నాణెం ఫోటో పెట్టడం, ‘ఎంతొస్తుంది మామా?’ అని నువ్వు అడగడం, అక్కడితో సరి.

ముందు ఈ అడవి సంగతి చెప్పాలి. అడవి అనగానే నీకు నల్లమల గుర్తొస్తుంది. కానీ అమెరికాలో మేముండే కనెటికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ దాటి తూర్పుకు పోతే కనిపించే అడవి చాలామటుకు రెండొందల ఏళ్ళ కింద సేద్యం జరిగిన నేల. చెట్ల మధ్య పోతూ ఉంటే మనిషి అలికిడి లేని చోట తొడల ఎత్తు రాతి గోడలు కనిపిస్తాయి, ఎంత దూరం నడిచినా తెగవు. మంచుయుగం వదిలేసి పోయిన రాళ్ళవి. చలికాలం నేల గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ కొత్తవి పైకి తేలుతుంటే రైతులు ఏరి ఏరి చేను అంచున పేర్చుకుంటూ పోయారు. 1825లో పడమటి సరుకు పడవల మీద తెచ్చే ఈరీ కాలువ తెరిచాక పడమటి నుంచి చవగ్గా ధాన్యం రావడం మొదలైంది, ఒహాయో వైపు రాయి లేని మంచి నేల ఉందని కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకుని వెళ్ళిపోయాయి, ఇంకొందరు మిల్లుల్లో పనికి పోయారు. వదిలేసిన చేలల్లో చెట్లు మళ్ళీ లేచాయి. ఇళ్ళు కూలిపోయి, వాటి కింద రాళ్ళతో కట్టుకున్న నేలమాళిగ మాత్రం చదరపు గుంతగా మిగిలింది. ఏ ఇల్లాలు నాటిందో, పక్కన లైలాక్ పొద ఇప్పటికీ పూస్తుంటుంది. నేను వెతికేది ఆ గుంతల చుట్టూ.

వాటిని కనిపెట్టడమే సగం పని, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. విమానం నుంచి లేజర్ వేసి నేల ఎత్తుపల్లాలు కొలిచిన మ్యాపులు, లైడార్ అంటారు, ఇక్కడ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో చెట్లన్నీ మాయమై గోడలు, పాత బండిదారులు, గుంతలు గీతల్లో తేలతాయి. పక్కన 1860ల చివర్లో అచ్చయిన బీర్స్ అట్లాస్ పెట్టుకుంటా. అందులో ఒక్కో ఇంటికి ఒక్కో చుక్క, పక్కన యజమాని పేరు ఉంటాయి. లైడార్‌లో గుంత ఉండి అట్లాస్‌లో చుక్క లేదంటే ఆ ఇల్లు అంతకు ముందే పాడుబడి ఉండాలి. అలాంటిది కనబడిన రాత్రి నాకు నిద్ర పట్టదురా!

తర్వాత ఆ నేల ఎవరిదో రికార్డుల్లో చూసుకుని, వెళ్ళి తలుపు తట్టి అడగాలి. కుదరదంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే. సరేనన్నవాళ్ళతో ముందే మాట్లాడుకుంటా: ఏది దొరికినా మొదట చూసేది వాళ్ళే, వాళ్ళు ఉంచుకుంటానన్నది వాళ్ళదే. ఇక ఫెడరల్ భూముల్లో, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వం నేలల్లో, వందేళ్ళు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా తవ్వి తీస్తే 1979 నాటి చట్టం కింద కేసు అవుతుంది, నేషనల్ పార్కుల్లోనైతే మెషీన్ తిప్పడమే నేరం.

మెషీన్‌లో మాయేం లేదు. కింద ప్లేటులా కనిపించే కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది, అక్కడ లోహం ఉంటే అందులో చిన్న కరెంటు పుట్టి తిరిగి జవాబిస్తుంది, ఆ జవాబును బట్టి హెడ్‌ఫోన్స్‌లో శబ్దం, స్క్రీన్ మీద అంకె. టెలిఫోన్ కనిపెట్టిన బెల్ ఉన్నాడే, 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇలాంటిదే తయారుచేసుకుని పోయాడు. తూటా జాడ తెలియలేదు, ప్రెసిడెంట్ బతకలేదు. ఇప్పటి మెషీన్లు చాలా తెలివైనవి, అయినా మేకుకూ నాణేనికీ తేడా చివరికి చెవే చెప్పాలి. పాత ఇంటి చుట్టూ నేల నిండా మేకులే ఉంటాయి. ఇనుమైతే గరగరమని తెగుతూ మోగుతుంది. రాగి, వెండి అయితే ఎటునుంచి తిప్పినా తెగకుండా ఒకే తీరుగా మోగుతుంది.

ఒక్కటి దగ్గరగా చూపిస్తా. పోయిన నవంబర్లో, ఆకులన్నీ రాలిపోయాక, ఒక గుంతకు దక్షిణం పక్కన పాత వాకిలి ఉండాల్సిన చోట అలాంటి శబ్దం వచ్చింది. (వేట సీజన్ అది, నారింజ రంగు జాకెట్ లేకుండా అడవిలో అడుగుపెట్టకూడదు. వేసవిలోనైతే పొదల్లో పిడుదులు, లైమ్ జ్వరం అని వింటుంటావే, ఆ పేరు ఈ రాష్ట్రంలోని లైమ్ ఊరి నుంచే వచ్చింది.) ఆకులు తోసి, మట్టిపెళ్ళ మూడు వైపులా కోసి పక్కకు తిప్పా. జానెడుకు తక్కువ లోతులో పచ్చటి అంచు కనిపించింది. వేలితో మెల్లగా లేపితే బిళ్ళ చేతికొచ్చింది, కింద మట్టిలో దాని గుండ్రటి అచ్చు అలాగే నిలిచింది. మన పది రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దది. అక్కడ రుద్దకూడదు, మట్టిలోని ఇసుకే దాన్ని గీసేస్తుంది. ఇంటికి తెచ్చి ఆరనిచ్చి, పళ్ళపుల్లతో కొద్దికొద్దిగా మట్టి తీసి, టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేస్తే మొదట జుట్టు ముడి, తర్వాత ఆడమనిషి మెడ, భుజం మీద బట్ట మడతలు, కింద 180, చివరి అంకె కోసం లైటు ఎన్ని కోణాల్లో తిప్పానో, చివరికి 3. ఇక్కడి నేలలో పులుపు ఎక్కువ, రాగిని తినేస్తుంది, సగం నాణేలకు ఏడాదే మిగలదు. 1803 సెంటు, అంటే డాలరులో వందో వంతు! అప్పటి సెంటు అచ్చంగా రాగి, 1857 దాకా అదే పెద్ద బిళ్ళ.

ఇప్పుడు నీకు నచ్చే సంగతి. ఆ రోజుల్లో అమెరికా నాణేలు కొట్టే ఫిలడెల్ఫియా మింట్ సెంట్ల కోసం ఖాళీ రాగి బిళ్ళలు ఎక్కువగా ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి, మాథ్యూ బౌల్టన్ ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకునేది. అదే బౌల్టన్ 1794లో, 1797లో మన ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీకి రాగి నాణేలు కొట్టి పంపాడు, రూపాయికి 48 చొప్పున, వాటి మీద ఆ అంకె కూడా ఉంటుంది. మద్రాసు వైపు చెల్లిన 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల బిళ్ళలూ అక్కడివే. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకముందే మునిగిపోయింది కూడా. అంటే కనెటికట్ రైతు జేబులోంచి జారిన బిళ్ళ, మచిలీపట్నం సంతలో చేతులు మారిన బిళ్ళ ఒకే కార్ఖానాలో పుట్టి ఉండొచ్చు. ఆ సంగతి తెలిసిన రోజు దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నా.

అయితే నాణేలు తక్కువేరా. ఎక్కువగా దొరికేది గుండీలు, బూట్ల బకిళ్ళు, తుపాకీ సీసపు గుండ్లు (సీసం మట్టిలో తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది), కుట్టుపనికి వేలికి పెట్టుకునే తొడుగులు. ఎద్దుల లాడాలు కూడా. చేత్తో పట్టుకోగానే గుర్తుపట్టా, మన పత్తికొండ సంతలో ఎద్దును పడుకోబెట్టి కొట్టేవే, గిట్టకు రెండు చీలికలు కాబట్టి కాలికి రెండు ముక్కలు. ఒక గుండీ వెనక ఇంకా బంగారు పూత మెరుస్తోంది, చుట్టూ ‘ట్రెబుల్ గిల్ట్’ (మూడింతల బంగారు పూత) అని అక్షరాలు. ఎవడో పెళ్ళికి కుట్టించుకున్న కోటుది కావచ్చు.

నువ్వడిగే ప్రశ్నకు జవాబు: మట్టిలో అంతగా పాడైన సెంటుకు ఇక్కడ వచ్చేది ఒక పూట భోజనం డబ్బులు. దాని విలువంతా ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందన్న దాంట్లోనే ఉంది. అందుకే ప్రతిదానికీ ఒక చిన్న కవరు, దానిమీద చోటు, లోతు, తేదీ. ఆ ఇంటి దగ్గర లాడాలన్నీ ఉత్తరం గోడ వెంబడి, గుండీలన్నీ వాకిట్లో పడ్డాయి. అవి మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే కొట్టం ఎక్కడుండేదో తెలిసింది, ఇప్పటి యజమానికి ఆ మ్యాపు ఇస్తే ఫ్రేము కట్టించుకున్నాడు.

మనవైపే చూడు, కోటిలింగాల. గోదావరి ఒడ్డున శాతవాహన సిముకుడి పేరున్న నాణేలు, అంతకు ముందటి గోబద లాంటి రాజుల నాణేలు దొరికాయి. ఒకే చోట దొరికాయని తెలుసు కాబట్టే శాతవాహనుల తొలినాళ్ళను తెలంగాణలో వెతకాలన్న వాదనకు బలమొచ్చింది. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా ఏ సేటు దుకాణంలోనో తేలి ఉంటే ఎవరికేం తెలిసేది?

మీ బురుజు కింద ఏముందో నాకు తెలియదు. కానీ మీ మండలంలోనే ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, జొన్నగిరే అప్పటి సువర్ణగిరి అని చెప్పే చరిత్రకారులున్నారు. అలాంటి చోట రాత్రిపూట గునపం దింపితే పగిలే కుండ ఎన్ని వందల ఏళ్ళదో! గుప్తనిధుల పేరుతో నంది కిందా, లింగం కిందా తవ్వి గుళ్ళను ఎలా పాడుచేశారో నువ్వే పేపర్ కటింగులు పంపేవాడివి, ఆ ముఠాలను తిట్టేవాడివి. మెషీన్ చేతిలో ఉంటే మనల్ని చూసేవాడికి వాళ్ళకూ మనకూ తేడా ఏముంటుంది? చట్టం సంగతి కూడా విను. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది, భూమిలో దాచిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. మీ బామ్మర్దికి గవర్నమెంటు ఉద్యోగం, వాడికీ టెన్షన్ ఎందుకు?

నీకు మెషీన్ అక్కర్లేదు శేషూ, నిజంగా. తొలకరి పడగానే తుగ్గలి చేలల్లో వజ్రాలకు తిరిగినోడివి, నేల మీద కళ్ళు పెట్టి నడవడం నీకొకరు నేర్పాలా. వాన వెలిశాక బురుజు చుట్టూ పగటిపూట నడువు. పెంకో, పూసో, బిళ్ళో పైన కనబడితే ముట్టుకోకముందు ఫోటో తియ్యి, ఫోన్లో లొకేషన్ పెట్టుకో, కర్నూలు మ్యూజియంలో చూపిద్దాం. నేనొచ్చాక ఇద్దరం కలిసే పోదాం.

ఇంకొకటి, ఇది అర్జెంటు. మీ అవ్వ ట్రంకు పెట్టెలో రాగి బిళ్ళల డబ్బా ఉందని ఎప్పుడో అన్నావు. ఒక పక్క సింహాలున్న ముద్ర, ఇంకో పక్క పారశీ రాతలు, కింద ఇంగ్లీషులో కాసుల లెక్క ఉంటే అవి నేను చెప్పిన 1808 బిళ్ళలు కావచ్చు. రెండు వైపులా ఫోటోలు పంపు. పండక్కి ఇత్తడి సామాన్లతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమకుండా వదినకు ఈరోజే చెప్పు, ఆ నలుపు పోతే ఇక రాదు. నేను వచ్చేటప్పుడు మంచి భూతద్దం తెస్తా.

అవ్వకు నా నమస్కారాలు. టికెట్ బుక్కవగానే మెసేజ్ పెడతా.

నీ,
రఘు