నాలుక కింద గడ్డ గురించి, చిన్నీకి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో "ఏం లేదమ్మా, నాలుక కింద చిన్న గడ్డ, అదే పోతుంది" అన్నావు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాటే నా చెవుల్లో తిరుగుతోంది. మూడు వారాలు దాటిందన్నావు. మింగితే నొప్పన్నావు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఫోన్‌లో వెతుకుతున్నానని కూడా నోరు జారావు. మాట్లాడితే మధ్యలో గొంతు పూడుకుపోతుందేమోనని రాస్తున్నాను.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు ఆరో తరగతిలో ఉండగా నాకూ సరిగ్గా అక్కడే వచ్చింది. భోజనానికి కూర్చునేసరికి దవడ కింద ఉబ్బి, పోటు పెట్టేది. గంటో రెండు గంటలో గడిస్తే తగ్గేది. తగ్గింది కదా అని ఊరుకునేదాన్ని. మొదట చూసిన డాక్టరు నోటిపూత అన్నారు. ఇంకొకరు పన్ను వల్లేనని రెండుసార్లు యాంటీబయాటిక్ రాశారు. ఇద్దరూ వేలు పెట్టి తడిమి చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. అడిగితే క్యాన్సర్ అన్న మాట వినాల్సి వస్తుందని భయం. మీరంతా నిద్రపోయాక టార్చి పట్టుకుని అద్దం ముందు నాలుక ఎత్తి చూసుకునేదాన్ని. మీ నాన్నకి కూడా చెప్పలేదు. అలా ఎనిమిది నెలలు.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది: "ఎప్పుడెప్పుడు వాస్తోంది?" తినబోయేటప్పుడు అన్నాను. గ్లవ్ వేసుకుని ఒక వేలు నాలుక కింద, రెండో చేయి దవడ కింద పెట్టి మెల్లగా ఒత్తుతూ వచ్చింది. ఒకచోట ఆగి "రాయి" అంది. నోట్లో రాయేమిటని అడిగితే బొమ్మ గీసి చూపించింది. దవడ కింద ఉండే లాలాజల గ్రంథి నుంచి నాలుక కిందికి ఒక సన్నటి గొట్టం వస్తుందట. ఆ దారి పొడుగు, పైకి ఎక్కాలి, అక్కడి లాలాజలం కూడా కాస్త చిక్కన. అందులోని కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. లాలాజల గ్రంథుల్లో వచ్చే రాళ్లలో 100కి 80 దాకా అక్కడివేనట. తినబోతుంటే ఊరిన లాలాజలానికి దారి మూసుకుపోయి వెనక వాస్తుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నోట్లోంచే తీసేసింది. అగ్గిపుల్ల తలంత ఉంది. దానికోసం ఎనిమిది నెలల నిద్ర పోగొట్టుకున్నాను.

నీదీ రాయేనని నేను అనడం లేదమ్మా. చూడకుండా అలా అంటే నాకు నోటిపూత అన్నాయనకీ నాకూ తేడా ఏముంది? లాలాజలం లోపల చిక్కుకుని నీటి బుడగలా ఉబ్బొచ్చు. పంటి వేరు దగ్గర చీము పట్టి ఉండొచ్చు. అప్పుడు సలుపు ఉంటుంది, నోట్లో చేదు రుచి వస్తుంది. నీ వయసులో జ్ఞానదంతం సగం బయటపడి దానిమీది చిగురు వాయడమూ మామూలే. అందుకే అది ఎలా ఉంటోందో కాగితం మీద రాసిపెట్టుకో: ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా, తినేటప్పుడు వాస్తోందా, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, కదులుతోందా, చీము, రక్తం ఏమైనా వస్తున్నాయా, మెడలో బిళ్ళ కట్టిందా. డాక్టరు ముందు కూర్చుంటే సగం మర్చిపోతాం, అందుకని. సూదితో పొడవకు. మాటిమాటికీ నాలుకతో తడమకు, ఆ ఒరిపిడికే ఇంకా వాస్తుంది.

నొప్పి విషయం ఒకటి చెప్పాలి. నొప్పి పుడితేనే పెద్ద జబ్బని నేను అనుకునేదాన్ని. నోటి క్యాన్సర్‌కి మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదట. అలాగని నొప్పి ఉంది కాబట్టి అది కాదనీ అనుకోలేం. నొప్పిని బట్టి తేల్చుకునేది కాదిది. రోజుల్ని లెక్కపెట్టు. మామూలు నోటిపూత రెండు వారాల్లో మానుతుంది. మూడు వారాలు దాటినా పోని గడ్డను, పుండును డెంటిస్టుకో ఓరల్ సర్జన్‌కో చూపించి తీరాలి. నీది ఆ గడువు దాటింది.

ఎక్స్‌రే అంటారు, అల్ట్రాసౌండ్ అంటారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదంటే అక్కడితో ఊరుకోకు, కొన్ని రాళ్లు దానికి కనపడవు. "మరి ఇదేమిటి?" అని మళ్లీ అడుగు. ఇంకా అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే రోగం పాకుతుందని ఎవరైనా అంటే నమ్మకు. నేను నమ్మి భయపడ్డాను.

నాలుక కింద అంతా ఉబ్బి నాలుక పైకి లేచినా, జ్వరంతో నోరు తెరవలేకపోయినా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా, తెల్లారేదాకా ఆగకు. అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లి అక్కడి నుంచి నాకు ఫోన్ చెయ్యి.

నిన్న నీ గొంతులో వణుకు విన్నాను చిన్నీ. ఆ వణుకు నాకు తెలుసు. అప్పుడు నా పక్కన ఎవరూ లేరు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి. డాక్టరు ఏ రోజు రమ్మన్నారో చెప్పు. ముందురోజు సాయంత్రానికి నీ దగ్గరుంటాను.

మీ అమ్మ