అరకు పైన్లకు పేరు బోర్డు పెట్టండి

సంపాదకుడు గారికి,

అరకు దారిలో పైన్ చెట్ల కింద ఫొటో దిగకుండా వచ్చేవాళ్లు ఇప్పుడు అరుదు. అది ఏ చెట్టని అడిగితే మాత్రం ‘హిమాలయాలదండీ’ అనేస్తారు. తూర్పు కనుమల్లోనే కాదు, దక్షిణ భారతంలోనే పైన్ సహజంగా పుట్టదు. ఇవన్నీ తెచ్చి నాటినవే. నాటింది ఏ జాతో అటవీ శాఖ అక్కడ రాసి పెట్టాలి.

పేరుతో పనేమిటంటే, అన్ని పైన్లూ ఒకే రకంగా ఉండవు. మెక్సికోకు చెందిన పాటులా పైన్ దక్షిణాఫ్రికాలో తోటలు దాటి గడ్డి కొండల్లోకి పాకింది. దాని గింజకు రెక్క ఉంటుంది, గాలి చాలు. మన మన్యంలోనూ ఎత్తు మీద గడ్డి కొండలున్నాయి.

గుర్తుపట్టడానికి ముందు, చూపుకు పైన్‌లాగే అనిపించే సరుగుడును పక్కన పెట్టాలి. సరుగుడు పుల్లను లాగితే కణుపు దగ్గర ఊడొస్తుంది. అది ఆకు కాదు, సన్నని రెమ్మ. పైన్ ఆకుకు కణుపులుండవు. రెండో, మూడో, అయిదో సూదులు అడుగున చిన్న ఒరలో కలిసి ఉంటాయి. హిమాలయాల చిర్ పైన్‌కు మూడు. చిక్కల్లా ఇక్కడే: పాటులాకూ మామూలుగా మూడే, కరీబియన్ పైన్‌కూ చాలావరకు మూడే. లెక్కతో ఆగిపోతే అన్నీ చిర్ పైన్లే అయిపోతాయి! అప్పుడు కాయ చూడాలి. చిర్ కాయ పెద్దది, పొలుసులు మొద్దుగా ఉండి కొనలు వెనక్కి వంగుతాయి. పాటులా కాయలు నున్నగా, కొమ్మను అంటుకుని గుంపుగా ఉంటాయి, ఏళ్లు గడిచినా విచ్చుకోనివీ ఉంటాయి. దాని సూదులు జడల్లా కిందికి వేలాడతాయి. కరీబియన్ కాయ పొలుసు కొసన చిన్న ముల్లు వేలికి తగులుతుంది.

చెట్లు కొట్టేయమని నేననడం లేదు. ఆ నీడ చూసుకుని బతికే బొంగు చికెన్ బండ్లవాళ్ల సంగతి నాకూ తెలుసు. తోట హద్దు బయట, గాలి వీచే వైపు, వరుస లేకుండా మొలిచిన పిల్ల మొక్కలున్నాయేమో చూడమంటున్నాను. జానెడు ఉన్నప్పుడైతే చేత్తో పీకేయొచ్చు. అరకు, పాడేరు కాలేజీల బోటనీ విద్యార్థులకు అప్పగించినా సరిపోయే పని. ఇక పేరు విషయానికి, కాయలున్న కొమ్మ ఒకటి ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగానికి పంపితే జాతి ఖాయం చేసి చెబుతారు.

– విశ్రాంత బోటనీ లెక్చరర్, శృంగవరపుకోట