‘అదృష్టం’ అని ఒక్కమాటలో సరిపెట్టకండి

సంపాదకులకు,

అయ్యా,

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీ పత్రిక ఇస్తున్న ఆంగ్ల పాఠాల పేజీలో ఇటీవల లక్, ఫార్చ్యూన్, ఫేట్, డెస్టినీ అనే నాలుగు మాటలను పర్యాయపదాలుగా ఒకే వరుసలో వేసి, మొదటి రెంటికీ అదృష్టమనీ, తక్కిన రెంటికీ విధి అనీ అర్థమిచ్చారు. బజారులో దొరికే గైడ్లలో కూడా ఇదే పట్టిక కనిపిస్తుంది. దీన్ని బట్టీపట్టిన విద్యార్థి నాలుగు ఐచ్ఛికాల్లో సరైనదాన్ని గుర్తించగలడేమో గానీ, సొంతంగా ఒక వాక్యం రాయవలసి వస్తే ఎక్కడ ఏ మాట వాడాలో తెలియక తడబడతాడని, ఇంటర్మీడియట్ పిల్లలకు ఏళ్ల తరబడి ఆంగ్లం బోధించిన అనుభవంతో చెబుతున్నాను.

‘హి మేడ్ ఎ ఫార్చ్యూన్ ఇన్ కాటన్’ అనే వాక్యాన్ని తెలుగు చేయమంటే ‘అతడు పత్తిలో అదృష్టం చేశాడు’ అని రాసిన జవాబుపత్రాలు నేను దిద్దాను. పత్తి వ్యాపారంలో బాగా గడించాడని దాని అర్థం. ప్రాచీన రోమన్లు కొలిచిన ఫోర్టునా దేవత పేరు నుంచి వచ్చిన ఈ మాటలో కలిసిరావడమూ ఉంది, కలిమీ ఉంది. ఆ రెండూ ఇముడ్చుకున్న మాట మనకు లేకపోలేదు. ‘ఏమి నా భాగ్యం!’ అన్నప్పుడు అది అదృష్టం, ‘భాగ్యవంతుల బిడ్డ’ అన్నప్పుడు సంపద. పట్టికలో ఫార్చ్యూన్‌కు ఎదురుగా భాగ్యం అని వేసి ఉంటే పిల్లల చిక్కు సగం తీరేది. అయితే ‘ఇట్ కాస్ట్ ఎ స్మాల్ ఫార్చ్యూన్’ వంటి ప్రయోగాలను విడిగా నేర్పక తప్పదు. అందులో ‘స్మాల్’ ఉంది కదా అని కొద్ది ఖర్చేననుకుంటారు, కానీ చాలా డబ్బు అయిందని దాని భావం.

లక్ అనే మాటకు సంపదతో సంబంధం లేదు. పరీక్షకు వెళ్లే వారికి ‘గుడ్ లక్’ చెబుతారే తప్ప ‘గుడ్ ఫార్చ్యూన్’ అనరు. దాని ముందు ‘ఎ’ చేర్చి ‘ఎ గుడ్ లక్’ అనడం మన పిల్లలు తరచుగా చేసే తప్పు. లక్ లెక్కపెట్టదగిన నామవాచకం కాదని ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఫేట్, డెస్టినీల తేడా ఇంకా సూక్ష్మమైనది. ఫేట్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘పలకబడినది’ అని అర్థం. దైవం పలికేసిన ఆ తీర్పును మనిషి అనుభవించవలసిందే, అందుకే ఆ మాట ఎక్కువగా చెడుకే వినిపిస్తుంది. మరణాన్ని తెచ్చేదనే అర్థంలో వాడే ‘ఫేటల్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. డెస్టినీలో మాత్రం చేరవలసిన చోటు ఒకటి ఉంటుంది. పిల్లలకు బాగా తెలిసిన డెస్టినేషన్‌తో దాని చుట్టరికం చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభలో ప్రసంగించిన నెహ్రూ ‘ట్రిస్ట్ విత్ డెస్టినీ’ అన్నారు. ఆ చోట ఫేట్ అని ఉంటే, ఒక జాతి ఎంతోకాలంగా ఎదురుచూసిన ఘడియ కాస్తా తప్పించుకోలేని గండంలా ధ్వనించేది.

విధి అనే అర్థం కూడా ఫేట్‌కు అన్నివేళలా అతకదు. పడవ ప్రమాదాన్ని గురించిన ఆంగ్ల వార్తలో ‘ద ఫేట్ ఆఫ్ ద ప్యాసింజర్స్ ఈజ్ నాట్ నోన్’ అని ఉంటే, ప్రయాణికులు ఏమయ్యారో తెలియరాలేదని మనం రాస్తాం. ‘ప్రయాణికుల విధి తెలియదు’ అంటే అది తెలుగు కాదు. పైగా విధి అంటే ఉద్యోగ ధర్మమనే అర్థం కూడా ఉండటంతో గందరగోళం మరింత పెరుగుతుంది.

కనుక ఆ పేజీలో ఒక రోజుకు ఇచ్చే పదాల సంఖ్యను తగ్గించి, మిగిలిన ప్రతి పదానికీ కనీసం రెండేసి వాక్యాలు, వాటి పక్కన సహజమైన తెలుగు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఈ నాలుగు మాటలతోనే తిరిగి మొదలుపెడితే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు,
తెనాలి