పన్ను బిల్లూ బ్యాలెట్టూ ఒకే నెలలో వచ్చాయి

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
2024 అక్టోబరు 27, ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. మీరూ అమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

పోయిన వారం ఫోనులో మీరు అడిగిన ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఒకే వీధిలో, ఒకే కొలతలున్న రెండు ఇళ్లలో ఒకదానికి ఏడాదికి వెయ్యి డాలర్ల చిల్లర, రెండోదానికి పదమూడు వేల డాలర్లు పన్ను ఎలా పడుతుందని, మదింపు చేసినవాళ్లు ఎక్కడో పొరబడి ఉంటారని మీరు అన్నారు. ఏళ్ల తరబడి పంచాయతీ కార్యదర్శిగా ఇంటి పన్ను డిమాండు రిజిస్టర్లు రాసిన మీకు అలా అనిపించడం సహజమే. కానీ పొరపాటు ఏమీ జరగలేదు. ఇది 1978లో ఈ రాష్ట్ర ప్రజలు తమ ఓటుతో రాజ్యాంగంలో రాసుకున్న నియమం. ఈ నెలలోనే కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి పన్ను బిల్లూ, పౌరసత్వం వచ్చాక నా మొదటి బ్యాలెట్టూ వచ్చాయి కాబట్టి ఈ రెండింటికీ ఉన్న సంబంధం మీకు వివరంగా రాయాలనిపించింది.

ఇక్కడ చట్టసభ చేసే చట్టాలతో పాటు, ప్రజలే సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదనను నేరుగా ఓటుకు పెట్టే పద్ధతి 1911 నుంచి ఉంది. గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో మామూలు చట్టానికైతే 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం మంది సంతకాలు కావాలి. నెగ్గిన సవరణను చట్టసభ తనంతట తాను మార్చలేదు, మళ్లీ ప్రజల దగ్గరకే వెళ్లాలి. 1978 జూన్ 6న వందకు దాదాపు 65 మంది అవునన్న 13వ ప్రతిపాదన అలాంటి సవరణ. ఇక్కడ అందరూ ప్రాప్ 13 అంటారు. దాని ప్రకారం ఆస్తి పన్ను మదింపు విలువలో 1 శాతానికి మించకూడదు. అప్పటికే ఉన్న ఇళ్ల విలువను 1975 నాటికి వెనక్కి తీసుకువెళ్లారు. ఆపైన ఆ విలువ ఏడాదికి 2 శాతం కంటే ఎక్కువ పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం సాధారణంగా కొత్త ధరనే విలువగా రాస్తారు.

లెక్క మీరే వేసి చూడండి. మా పక్కింటి పెద్దావిడ ఆ ఇల్లు 1974లో కొన్నారు. 1975లో దాని విలువ 40 వేల డాలర్లనుకుంటే, ఏటా 2 శాతం చొప్పున 49 ఏళ్లు పెంచినా 2.64 రెట్లే అవుతుంది, అంటే సుమారు లక్షా అయిదు వేల ఆరు వందలు. దాని మీద 1 శాతం పన్ను 1,056 డాలర్లు. మేము 2019లో 12 లక్షలకు కొన్నాము, ఇప్పటికి మదింపు విలువ 13 లక్షలు దాటింది. స్థానిక ప్రభుత్వాలు బాండ్ల రూపంలో చేసిన అప్పులు తీర్చడానికి వేసే అదనపు పన్నును పక్కన పెట్టి అసలు పన్ను మాత్రమే చూసినా ఆవిడ కట్టేదానికి పన్నెండు రెట్లు కడుతున్నాము. మా రెండిళ్ల చెత్తనూ ఒకే లారీ తీసుకువెళ్తుంది, నిప్పంటుకుంటే ఒకే ఫైరింజను వస్తుంది.

తెనాలిలో అన్నయ్య ఇంటి సంగతి గుర్తు చేసుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ మున్సిపాలిటీ పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చినప్పుడు ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. అయినా ఆ విలువకు ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలే కాబట్టి ఒక ఇల్లు అమ్ముడైనంత మాత్రాన దాని పన్ను ఎగిరిపోదు, పక్కింటి పన్ను అడుగునే ఉండిపోదు. ఇక్కడ పన్నును నిర్ణయించేది ఇంటి విలువకన్నా కొన్న సంవత్సరం.

అయితే ఆ 65 మందిని తప్పుపట్టే ముందు వాళ్లు ఏ స్థితిలో ఓటు వేశారో తెలుసుకోవాలి. ఇది మీ ఉద్యోగానికి దగ్గరి విషయం. 1965 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మదింపు అధికారి లంచాలు పుచ్చుకుని వ్యాపార సంస్థల ఆస్తుల విలువ తగ్గించి రాసినట్టు బయటపడింది. దానితో రాష్ట్రమంతటా అన్ని ఆస్తులనూ మార్కెట్ విలువలో 25 శాతం చొప్పున ఒకే తీరున మదింపు చేయాలని 1966లో చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ అంతవరకు చూసీ చూడనట్టు తక్కువగా రాసిన సొంత ఇళ్ల విలువ ఒక్కసారిగా పైకి వచ్చింది, పెద్ద వ్యాపారాల వాటా చాలాచోట్ల తగ్గింది. ఆ తర్వాత 1970లలో ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి, నిజాయితీగా మదింపు చేసేకొద్దీ బిల్లూ పెరిగింది. ఆదాయం పెరగని పింఛనుదారులు, సొంత ఇంట్లో ఉంటూనే పన్ను కట్టలేని స్థితికి వచ్చారు. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఖజానా నిండుగా మిగులుతో ఉన్నా చట్టసభ సమయానికి ఉపశమనం ఇవ్వలేకపోయింది. హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు తెచ్చిన ప్రతిపాదన ఆ కోపం మీద నెగ్గింది. మా పక్కింటావిడ భర్త పోయి పదిహేనేళ్లయింది, ఈ నియమమే లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో అమ్ముకోవలసి వచ్చేదని ఆవిడ నాతో ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆ మాట నిజమని నేను నమ్ముతున్నాను.

నా బాధ అంతా ఆ ఓటు తరువాత ఏమేమి జరిగిందన్న దాని మీదే. ఆస్తి పన్ను రాబడి దాదాపు 60 శాతం పడిపోయింది. కౌంటీలు, నగరాలు, పాఠశాలలు నడవాలంటే రాష్ట్రమే డబ్బు ఇవ్వక తప్పలేదు. వచ్చిన కాస్త ఆస్తి పన్నును ఎవరికెంత పంచాలో నిర్ణయించే అధికారం కూడా ఊళ్ల చేతుల్లోంచి శాక్రమెంటోకు వెళ్లిపోయింది. పంచాయతీ వసూలు చేసిన ఇంటి పన్ను ఎలా ఖర్చు కావాలో రాజధానిలో ఎవరో నిర్ణయిస్తే మీకెలా ఉంటుంది? పైగా రాష్ట్రానికి ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ముఖ్యంగా ఆదాయపు పన్ను నుంచి. ఇక్కడ అత్యధిక రేటు 13.3 శాతం, ఆ పన్నులో సగానికి దగ్గరగా అతి ధనికులైన 1 శాతం మంది నుంచే వచ్చే సంవత్సరాలున్నాయి. వాళ్ల ఆదాయం షేర్ మార్కెట్‌తో పాటు ఎక్కి దిగుతుంది. 2022 మే నెలలో 9,750 కోట్ల డాలర్ల మిగులు ఉందని ప్రకటించిన రాష్ట్రానికి, 2023 డిసెంబరు నాటికి 6,800 కోట్ల డాలర్ల లోటు కనబడింది. ఇంటి పన్ను అనేది ఏటా పెద్దగా మారకుండా వచ్చే రాబడి అని మీరు ఎప్పుడూ అనేవారు. అలాంటి రాబడికి కళ్లెం వేసి, గాలివాటుకు ఊగే రాబడి మీద బడులను నిలబెట్టారు.

ఊళ్ల రూపం కూడా మారిపోయింది. కొత్త ఇళ్లు కడితే నగరానికి వచ్చే పన్ను తక్కువ, పెట్టవలసిన ఖర్చు ఎక్కువ. దుకాణం పెడితే అమ్మకపు పన్నులో వాటా నేరుగా నగరానికే వస్తుంది. అందువల్ల నగరాలు ఇళ్లకన్నా కార్ల షోరూములకూ, పెద్ద అంగళ్లకూ స్థలం ఇవ్వడానికి మొగ్గు చూపాయి. మా ఊళ్లో ఒక పెద్ద రోడ్డు పేరే ఆటోమాల్ పార్క్‌వే. పాత తక్కువ పన్ను చేజారిపోతుందన్న భయంతో పాతవాళ్లు చాలామంది, పిల్లలు వెళ్లిపోయి గదులు ఖాళీగా ఉన్నా ఇళ్లు అమ్మరు. అందుకని అమ్మకానికి వచ్చే ఇళ్లు తగ్గి ధరలు ఇంకా పెరుగుతాయి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వ్యాపార ఆస్తుల సంగతి. పింఛనుదారుల ఇళ్లను కాపాడటానికి తెచ్చిన నియమమే ఫ్యాక్టరీలకూ, ఆఫీసు భవనాలకూ, గోడౌన్లకూ వర్తిస్తుంది. మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు అమ్ముతాడు, లేదా పోతాడు. కంపెనీ అలా పోదు. దాని వాటాలు చేతులు మారుతున్నా, ఒకే చేతికి సగానికి మించి వెళ్లకపోతే భూమి చేతులు మారినట్టు సాధారణంగా లెక్కకు రాదు. అందుకే 30 లక్షల డాలర్లకు మించిన వ్యాపార ఆస్తులను మార్కెట్ విలువకు మదింపు చేయాలని 2020లో 15వ ప్రతిపాదన వచ్చింది. దాని వల్ల ఏటా 650 కోట్ల నుంచి 1,150 కోట్ల డాలర్లు వస్తాయని, అందులో పెద్ద భాగం స్థానిక ప్రభుత్వాలకూ బడులకూ వెళ్తుందని అంచనా వేశారు. 52 శాతం మంది వద్దన్నారు. అప్పటికి నాకు ఓటు లేదు. ఉంటే అవునని వేసేదాన్ని. ఇళ్లకు ఉన్న రక్షణను నిరుపేద వృద్ధుల కోసం ఉంచి, వ్యాపారాలకు తీసేయాలన్నదే ఈనాటికీ నా అభిప్రాయం.

కొనేముందే పన్ను ఎంతో తెలుసు కదా, ఇప్పుడు బాధపడటం ఎందుకని మీరు అడగవచ్చు. లాస్ ఏంజిలెస్‌లో కొత్తగా ఇల్లు కొన్న ఒకామె వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు కూడా 1992లో ఇంచుమించు ఈ కారణంతోనే ఆ నియమాన్ని నిలబెట్టింది. నేను దాన్ని ఒప్పుకుంటాను. కానీ 1978 జూన్‌లో ఓటు వేసినవాళ్లు తమ బిల్లు తగ్గించుకున్నప్పుడు, ఆ భారం ఎవరి మీద పడుతుందో వాళ్లు చాలావరకు ఇంకా పుట్టలేదు, లేదా ఈ దేశానికి రాలేదు. ఈ ప్రాంతంలో గత పదిహేనేళ్లలో ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాలన్నీ ఆ వరుసలోనివే. హెచ్1బి వీసా మీదున్న వాళ్లు పూర్తి పన్ను కడతారు గాని ఓటు వేయలేరు, పౌరసత్వం వచ్చేదాకా నేనూ అలా ఓటు లేకుండానే కట్టాను.

ఇప్పుడు నా బల్ల మీదున్న బ్యాలెట్టులో రాష్ట్ర ప్రతిపాదనలే పది ఉన్నాయి. ఓటర్ల ఇళ్లకు ఒక పుస్తకం పంపుతారు. అందులో లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీస్ అనే పక్షపాతం లేని కార్యాలయం ప్రతి ప్రతిపాదనకూ ఆర్థిక ప్రభావం ఎంతో రాస్తుంది. 1941 నుంచి ఉన్న కార్యాలయం అది. టీవీ ప్రకటనలకన్నా దాని మాట నాకు నమ్మకం. 2020లో 22వ ప్రతిపాదన కోసం యాప్ ద్వారా కార్లు నడిపించే కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, తమ డ్రైవర్లను ఉద్యోగులుగా లెక్కించకుండా ఉండేలా నెగ్గించుకున్నాయి. అంత ప్రచారం మధ్య ఆ పుస్తకంలోని నాలుగు వాక్యాలు ఎంతమంది చదువుతారో అని దిగులుగా ఉంటుంది.

నేను మాత్రం రెండు రాత్రులు కూర్చుని చదివాను. 2వ ప్రతిపాదన బడి భవనాల కోసం 1,000 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయమంటుంది. రాష్ట్రం 35 ఏళ్లపాటు ఏటా సుమారు 50 కోట్లు తిరిగి కట్టాలి, అంటే మొత్తం 1,750 కోట్లు. అప్పు చిన్నది కాదు, కానీ పిల్లలు ఇప్పటికీ తాత్కాలిక గదుల్లో చదువుకునే బడులను నేను చూశాను కాబట్టి అవునని వేస్తాను. 32వ ప్రతిపాదన ఈ 2024లో గంటకు 16 డాలర్లున్న కనీస వేతనాన్ని 18కి పెంచమంటుంది. దాని వల్ల ప్రభుత్వ ఖర్చు ఏటా కోట్లాది డాలర్లు పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చునని ఆ కార్యాలయం రాసింది. ప్రభుత్వం తన దగ్గర పనిచేసేవాళ్లకూ జీతాలు పెంచాలి గనుక ఖర్చు పెరుగుతుంది, ప్రజల సంపాదన పెరిగితే వైద్య సహాయం వంటి పథకాల మీద ఆధారపడేవాళ్లు తగ్గుతారు గనుక కొంత మిగులుతుంది. ఏది ఎక్కువో తేల్చి చెప్పలేమని ఒప్పుకోవడం నాకు గౌరవంగా తోచింది. ఈ ఊళ్లో అద్దెలు చూస్తూ గంటకు 16 డాలర్లతో ఎలా బతుకుతారో నాకు అర్థం కాదు, అందుకని దానికీ అవుననే వేస్తాను.

ప్రాప్ 13లోని మదింపు నియమం మీద ఈసారి ఓటు లేదు. ఎప్పుడైనా మళ్లీ వస్తే ఎలా వేయాలన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఊళ్లో పన్ను సవరించిన ప్రతిసారీ, ఇల్లు పెద్దదే గాని చేతిలో రాబడి లేని ముసలివాళ్ల విషయంలో రిజిస్టర్లో ఏమి రాసేవారు? విలువ తగ్గించి రాసేవారా, విలువ ఉన్నది ఉన్నట్టు రాసి బకాయిగా ఉంచి గడువు ఇచ్చేవారా? ఆ రెండిట్లో ఏది ఊరికి మేలు చేసిందో మీ అనుభవంలో చూసింది నాకు రాయండి.

రేపు బ్యాలెట్టు కవరు మీద సంతకం చేసి గ్రంథాలయం ముందున్న పెట్టెలో వేస్తాను. పన్ను మొదటి వాయిదాకు డిసెంబరు 10 దాకా గడువుంది. గురువారం దీపావళికి పక్కింటావిడను కూడా భోజనానికి పిలిచాము. అమ్మ చెప్పిన కొలతలతోనే సున్నుండలు చేస్తున్నాను, ఈసారి మినుములు బాగా దోరగా వేయించాను. మీరు మోకాలికి తైలం రాసుకోవడం మానవద్దు.

మీ అమ్మాయి