వార్షిక నివేదిక: పాత గిటార్, కొత్త గిటార్, మనం వెతికిన టోన్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. పాత ఎలక్ట్రిక్ గిటార్‌లో మనకు నచ్చే ఆ టోన్ వయసు వల్ల వచ్చిందా, మరోదాని వల్లా? తేల్చుకోవడానికి ఫెండర్ కంపెనీ చేసే స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్లలో ఒక పాతదాన్ని, ఒక కొత్తదాన్ని తెర వెనుక పెట్టి వాయించి విన్నాం. వాయించింది ఒక్కరే. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్), కేబుల్ కూడా అవే. మొదటిసారి ఎక్కువ మంది పాతదాన్ని సరిగ్గానే పట్టారు. అందరం సంబరపడ్డాం.

తర్వాత ఒక సభ్యురాలు కొత్త గిటార్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలు) తీగలకు మరీ దగ్గరగా ఉన్నాయని గమనించారు. అలా ఉంటే శబ్దం పెరిగి ఆంప్ గట్టిగా స్పందిస్తుంది, పైగా అయస్కాంతం తీగను లాగి దాని కదలికను చెడగొడుతుంది. స్క్రూలు తిప్పి పికప్‌లు దించాం, రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేశాం, శబ్దం సమానం చేసి మళ్లీ విన్నాం. ఈసారి మన ఊహలు చెల్లాచెదురయ్యాయి. నాకు ఈ ఏడాది మొత్తంలో విలువైన సాయంత్రం అదే.

అలాగని పాతవాటి మీద ఇష్టం భ్రమ అని నేను ఒప్పుకోను. పాత స్ట్రాటోకాస్టర్ ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, ఇప్పటివాటిలో ఎక్కువగా 9.5, అంటే పాతది ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. అంచులు అరిగి నున్నబడిన ఆ మెడ చేతిలో పడితే వాయించే తీరే మారుతుంది, ఆ మార్పు చెవికీ తెలుస్తుంది. కానీ ‘అసలు పాత టోన్’ అంటూ ఒక్కటే లేదు. 1950ల చివర గిబ్సన్ కంపెనీ తన గిటార్లలో వాడిన పీఏఎఫ్ హంబకర్లనే (రెండు తీగచుట్టలుండే ఒక రకం పికప్‌లు) చూడండి. పికప్ లోపలి సన్నని రాగి తీగ చుట్ల సంఖ్య ఒక్కోదానికి ఒక్కోలా ఉండేది, అయస్కాంతాల రకమూ మారేది. అందుకే ఒకే ఏడాదిలో చేసిన రెండు గిటార్లు కూడా ఒకేలా పలకవు.

సోల్డరింగ్ తరగతులకు మంచి స్పందన వచ్చింది. 500 కిలో ఓమ్స్ అని రాసి ఉన్న వాల్యూమ్ పాట్లను (శబ్దాన్ని పెంచి తగ్గించే గుండీ కింద ఉండే, విలువ మార్చగల నిరోధకాలు) మీటరుతో కొలిస్తే ఒక్కోటి ఒక్కో అంకె చూపించింది. పాట్ విలువ తగ్గితే పై స్వరాల మెరుపు తగ్గుతుంది, కాబట్టి పికప్ మార్చే ముందు దీన్ని కొలవడం మేలు. ఆ తరగతిలోనే ఒక సభ్యుడు తన బాధ చెప్పుకున్నారు. రిపేరుకు ఇచ్చిన పాత గిటార్‌లోంచి అసలు పాట్లు, కెపాసిటర్ తీసేసి, వాటిని తిరిగి ఇవ్వలేదట. వింటున్న మాకే గుండె కలుక్కుమంది. అప్పటి నుంచి మన దగ్గర విప్పిన ప్రతి భాగాన్నీ సంచిలో వేసి, చీటీ రాసి, గిటార్ పెట్టెలోనే ఉంచుతున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

1965లో ఫెండర్ కంపెనీ అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన గిటార్లను నాణ్యత తగ్గిందన్న నమ్మకంతో చాలామంది వినకుండానే పక్కన పెడతారు. వచ్చే ఏడాది మొదటి సమావేశంలో వాటినే తెర వెనుక పెడతాం. అలాంటివి ఉన్నవాళ్లు తీసుకురండి, పికప్ ఎత్తు ముందే కొలిచి రాసుకుని రావడం మాత్రం మరవద్దు.

కార్యదర్శి