కాలేజీ కాన్ఫరెన్స్‌ల మార్పు: కుట్ర వెతికే ముందు ఒప్పందం గడువు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా విశ్వవిద్యాలయాల ఆటల కాన్ఫరెన్స్‌లు చీలిపోవడం, కొత్తగా కూడుకోవడం గురించి మన జిల్లాల్లో కూడా ముచ్చట్లు నడుస్తున్నాయి. నల్లగొండ, మిర్యాలగూడ, కోదాడ, వనపర్తి వైపు నుంచి వెళ్లిన పిల్లలు హ్యూస్టన్, అరిజోనా స్టేట్, సెంట్రల్ ఫ్లోరిడా వంటి చోట్ల చదువుతున్నారు. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్‌ను వాళ్లు సాకర్ అంటారు) అభిమానుల అనుమానాలు వాళ్ల ద్వారా ఇంటి వాట్సాప్ గ్రూపుల దాకా వస్తున్నాయి. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌ను ఈఎస్‌పీఎన్ టీవీ సంస్థ కావాలనే చంపబోయిందని ఒకరు, పాక్-12 అనే కాన్ఫరెన్స్‌ను ఫాక్స్ టీవీ సంస్థ పథకం వేసి కూల్చిందని ఇంకొకరు రాస్తున్నారు. ఇవన్నీ చదివిన తల్లిదండ్రులు డిగ్రీకి ఏమైనా అవుతుందేమోనని భయపడుతున్నారు. ఆటల నిర్వహణ బోధించేవాళ్లుగా మేము చెప్పేది ఒక్కటే. ఈ మార్పుల వెనుక దాచిన ఉద్దేశం కోసం తవ్వనక్కర్లేదు. ఎవరి ఒప్పందం ఏ తేదీన ముగుస్తుందో చూస్తే సంగతి చాలావరకు బయటపడుతుంది.

మనకు కాన్ఫరెన్స్ అనగానే జోన్ గుర్తొస్తుంది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం గానీ పాలమూరు విశ్వవిద్యాలయం గానీ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు సౌత్ జోన్‌లో ఆడుతుంది. ఆ జోన్‌ను నిర్ణయించేది ఊరు ఉన్న దిక్కు. అమెరికాలో అట్లా కాదు. అక్కడ కాన్ఫరెన్స్ అంటే విశ్వవిద్యాలయాలు తమంతట తాము కట్టుకున్న సంఘం. తమ మ్యాచుల ప్రసార హక్కులను కలిపి అమ్ముకుని, వచ్చిన సొమ్మును పంచుకుంటాయి. 1984 వరకు ఫుట్‌బాల్ ప్రసారాలు దేశమంతటి కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేవి. ఓక్లహోమా విశ్వవిద్యాలయం వేసిన కేసులో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ పట్టు తీసేసింది. బేరం కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది అప్పటినుంచే.

బేరంలో అసలు కీలకం హక్కుల బదలాయింపు పత్రం. సభ్య విశ్వవిద్యాలయం తన సొంత మైదానంలో జరిగే మ్యాచుల ప్రసార హక్కును ఫలానా తేదీ వరకు కాన్ఫరెన్స్‌కు రాసిస్తుంది. పొలం కౌలుకిచ్చి ఊరు విడిచిపోయినా, గడువు తీరేదాకా పంట కౌలుదారుదే అయినట్టు, విశ్వవిద్యాలయం వేరే కాన్ఫరెన్స్‌కు వెళ్లినా ఆ హక్కులు పాత కాన్ఫరెన్స్ దగ్గరే ఉంటాయి. హక్కులు వెంట రాని జట్టును కొత్తవాళ్లు ఎందుకు తీసుకుంటారు? అందుకే పెద్ద వలసలన్నీ ఈ గడువు తీరే సమయం చుట్టే జరిగాయి.

టెక్సస్, ఓక్లహోమా సంగతే చూడండి. ఆ రెండూ బిగ్ 12 విడిచి ఎస్ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌కు పోతున్నాయని 2021 జూలైలో బయటపడింది. అదే నెల 28న బిగ్ 12 కమిషనర్ (కాన్ఫరెన్స్‌ను నడిపే అధికారి) బాబ్ బోల్స్‌బీ ఈఎస్‌పీఎన్‌కు లేఖ రాశారు. తమ సభ్యులను మరో కాన్ఫరెన్స్‌లోకి లాగేందుకు ఆ సంస్థ పావులు కదుపుతోందని ఆరోపించారు. ఈఎస్‌పీఎన్ కాదంది. కమిషనర్ స్థాయి మనిషే అన్నాక అభిమానులు నమ్మడంలో తప్పు లేదు. పైగా 2020 డిసెంబరులోనే ఈఎస్‌పీఎన్ ఎస్ఈసీ ప్రధాన మ్యాచుల హక్కులు కొనేసింది. మరో టీవీ సంస్థ సీబీఎస్ ఏడాదికి 5.5 కోట్ల డాలర్లు ఇస్తున్న చోట, 2024 నుంచి దాదాపు 30 కోట్లు ఇస్తామంది. టెక్సస్ వస్తే లాభం ఎవరికో వేరే చెప్పాలా?

అయితే లాభపడినవాడే పథకం వేశాడనడానికి అది చాలదు. బిగ్ 12 హక్కుల పత్రం 2025 జూన్ 30 దాకా ఉంది. ఆ తర్వాత పొడిగించబోమని రెండు విశ్వవిద్యాలయాలూ రాతపూర్వకంగానే చెప్పాయి. ఒక్క ఏడాది ముందు బయటపడటానికి రెండూ కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకుని, 2024 జూలైలో ఎస్ఈసీలో చేరాయి. మరి బిగ్ 12 ఏమైంది? బీవైయూ (బ్రిగమ్ యంగ్), సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలను చేర్చుకుంది. 2022 అక్టోబరులో అదే ఈఎస్‌పీఎన్‌తో, ఫాక్స్‌తో ఆరేళ్లకు సుమారు 228 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. చంపాలనుకున్న సంస్థకు ఇంత సొమ్ము పోసేవాళ్లుండరు. కుట్ర కథ ఇక్కడే నిలవకుండా పోతుంది.

పాక్-12 కథ ఇంతకన్నా బాధాకరం. దాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆ కాన్ఫరెన్స్ ప్రసార ఒప్పందాలు, హక్కుల పత్రం 2024లో ఒకేసారి ముగిసేవి. అంటే ఆ తేదీ తర్వాత ఎవరు వెళ్లినా హక్కులు వెంట తీసుకుపోవచ్చు. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. ఏడు వారాలకే, ఆగస్టు 18న, బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం ప్రకటించింది. బిగ్ టెన్ సొంత ఛానెల్ బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో సగానికి మించిన వాటా ఫాక్స్‌దే. కాబట్టి ఫాక్స్‌కు ఇందులో ఆసక్తి లేదని ఎవరూ అనరు. లాస్ ఏంజెలెస్ మార్కెట్ చేతికొస్తే తాను అమ్మే సరుకు విలువ పెరుగుతుంది. అది దాచిపెట్టిన ఉద్దేశం కాదు, బహిరంగ వ్యాపారం.

పాక్-12 పడిపోయింది మాత్రం యూఎస్‌సీ, యూసీఎల్ఏ ప్రకటన తర్వాతి పదమూడు నెలల్లో. బిగ్ 12 పాత ఒప్పందం 2025 దాకా ఉన్నా ముందుగానే బేరానికి కూర్చుంది. ఈఎస్‌పీఎన్, ఫాక్స్ దగ్గర ఉన్న ప్రసార సమయాలను, బడ్జెట్‌ను ముందే పట్టేసింది. గడువు దగ్గరున్న పాక్-12 వెనుకబడింది. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఏడాదికి 3 కోట్ల డాలర్ల స్థాయి ప్రతిపాదన వస్తే 5 కోట్లు అడిగారని అమెరికా పత్రికలు రాశాయి. చివరికి చేతిలో మిగిలింది చందా కట్టినవాళ్లకు ఇంటర్నెట్‌లో మ్యాచులు చూపించే యాపిల్ ప్రతిపాదన. అందులో మొదటి మొత్తం దాదాపు 2.3 కోట్లు, ఆపైన చందాదారులు పెరిగితేనే. టీవీలో కనబడకుండా కొత్త ఆటగాళ్లను ఆకట్టుకోవడం ఎట్లా అన్న భయం ఆటల విభాగాల అధిపతులది. 2012లో పూర్తిగా సొంత పెట్టుబడితో పెట్టుకున్న పాక్-12 నెట్‌వర్క్స్ ఛానెళ్లను డైరెక్‌టీవీ అనే డిష్ టీవీ సంస్థ తీసుకోక, చాలా ఇళ్లకు చేరకుండా పోయిన అనుభవం అప్పటికే ఉంది. కొలరాడో 2023 జూలై 27నే బిగ్ 12కు వెళ్లిపోయింది. ఆగస్టు 4న ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు వెళ్లాయి. ఒక్క రోజులో ఐదు. ఒరెగాన్, వాషింగ్టన్‌లకు దక్కింది బిగ్ టెన్ పూర్తి వాటాలో సగానికి దగ్గర. దానికే వెళ్లాయంటే ఇంట్లో పరిస్థితి ఎట్లుందో అర్థమవుతుంది.

పాక్-12లోని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా (బర్క్‌లీ) తూర్పు తీరపు ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో చేరడాన్ని పరువు కోసమే అనేవాళ్లు ఒక నిబంధనను మరిచిపోతున్నారు. కొత్త సభ్యుడు చేరితే ఈఎస్‌పీఎన్ ఏసీసీకి ఒక పూర్తి వాటా అదనంగా చెల్లించాలి. ఆ సొమ్మును కాన్ఫరెన్స్ ఎట్లా పంచుకున్నా దాని ఇష్టం. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా మొదటి ఏడేళ్లు 30 శాతంతో సరిపెట్టుకుంటామన్నాయి. వాళ్లతోపాటు చేరిన డాలస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు ప్రసార సొమ్మే వద్దంది. మిగిలిన మొత్తం పాత సభ్యులకు చేరుతుంది. మొదట నాలుగు విశ్వవిద్యాలయాలు వ్యతిరేకించాయి, పదిహేనులో పన్నెండు ఓట్లు కావాలి. నార్త్ కరోలినా స్టేట్ మనసు మార్చుకోవడంతో 12-3తో గట్టెక్కింది. ఇందులో రహస్యం ఎక్కడుంది?

ఏ పుకారు వచ్చినా పాఠకులు వరుసగా చూడవలసినవి ఇవే. ఆ విశ్వవిద్యాలయం హక్కుల పత్రం గడువు, వెళ్లిపోవడానికి కట్టాల్సిన రుసుము, ఎన్ని నెలల ముందు నోటీసివ్వాలి, కొత్త సభ్యుడికి ఛానెల్ పూర్తి వాటా ఇస్తుందా లేదా. రుసుము ఎంతని రాసి ఉన్నా అంతే కడతారని అనుకోవద్దు. ఏసీసీని విడిచిన మేరీలాండ్‌ను 5.2 కోట్ల డాలర్లకు పైగా అడిగితే 3.14 కోట్లతో రాజీ కుదిరింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే పాలకమండలి సమావేశ ఎజెండా బయట పెడతారు. ఎజెండాలో ‘అథ్లెటిక్స్ కాన్ఫరెన్స్ సభ్యత్వం’ అన్న అంశం కనిపించాక వచ్చే వార్తకు బలం ఉంటుంది, అంతకుముందు పేరులేని మనిషి చెప్పిందానికి అంత ఉండదు. స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ వంటి ప్రైవేటువి ఇట్లా బయటపెట్టనక్కర్లేదు కాబట్టి అక్కడ పుకార్లు ఎక్కువ.

అనుమానాలన్నీ ఉత్తవని మేము అనడం లేదు. హక్కులు కొనే ఛానెలే వార్తలూ చెప్పడం సరైన పద్ధతి కాదు. ఏసీసీ, ఈఎస్‌పీఎన్ ఒప్పందాన్ని రహస్యమని దాచడం వల్ల కూడా, ఏసీసీ నుంచి బయటపడే ఖర్చుపై ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం లేపిన గొడవ కోర్టుల్లో ముదిరింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు పదేళ్లకు పైగా కట్టుబడే కాగితాన్ని ప్రజలు చదవలేకపోవడం మాకు అన్యాయంగానే అనిపిస్తుంది. చూపాల్సిన కోపం ఇక్కడ చూపాలి. ఇంకో కోపం ఆటగాళ్ల కోసం. ఫుట్‌బాల్ జట్టు మామూలు సీజన్‌లో పన్నెండు మ్యాచులే ఆడుతుంది, వారానికొకటి. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ జట్లకు వారం మధ్యలో కూడా ఆటలుంటాయి. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్‌కు వెళ్లాలంటే దాదాపు 3,900 కిలోమీటర్లు, మూడు గంటల కాలభేదం. ఆ పిల్లలు ప్రసార సొమ్ము తెచ్చిపెట్టేవాళ్లు కాదు, ప్రయాణ భారం మాత్రం వాళ్లదే. వెనుక మిగిలిపోయిన వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ పాక్-12 పేరు, ఆస్తులు కాపాడుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. యూసీఎల్ఏ వెళ్లినందుకు బర్క్‌లీకి ఏడాదికి కోటి డాలర్లు ఇవ్వాలని ఆ రెండింటినీ నడిపే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలకమండలి (రీజెంట్లు) నిర్ణయించిందంటే, నష్టం జరిగిందని వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఇక తల్లిదండ్రులకు. కాన్ఫరెన్స్ మారితే డిగ్రీ గుర్తింపు మారదు, ఐ-20 మారదు, వీసాకు సంబంధమే లేదు. విద్యా గుర్తింపు ఇచ్చే సంస్థలు వేరు. పరిశోధన విశ్వవిద్యాలయాల సంఘం ఏఏయూలో అరిజోనా స్టేట్ 2023 జూన్‌లో చేరింది, రెండు నెలలకు బిగ్ 12కు వెళ్తున్నట్టు ప్రకటించింది, ఆ సభ్యత్వం దాని దగ్గరే ఉంది. మీ జేబును తాకగలిగేది ఒక్కటే. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆటల విభాగం లోటును విద్యార్థుల ఫీజుతో పూడుస్తాయి. ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు పంచవచ్చు కాబట్టి ఈ ఒత్తిడి పెరుగుతుంది. అడ్మిషన్ ఖాయం చేసుకునే ముందు ఫీజు పట్టికలో అథ్లెటిక్ ఫీజు అనే వరుస ఉందా, సెమిస్టర్‌కు ఎంత, ఎన్ని క్రెడిట్లకు వర్తిస్తుంది, అది మాఫీ అయ్యేదా కాదా అని పిల్లలతో అడిగించండి. మీ పత్రిక కూడా ఈ వార్తలు వేసేటప్పుడు ఒప్పందం ముగిసే తేదీని తప్పకుండా జతచేయాలని మనవి.

ఇట్లు,
వ్యాయామ విద్య, క్రీడా నిర్వహణ బోధించే కొందరు అధ్యాపకులు,
నల్లగొండ